వరస తప్పిన మేయరు

ఒకానొక రాజ్యంలో రాజుగారు ఉన్నారు గానీ, బస్సుల సంగతి మాత్రం ఆయన చేతుల్లో లేదు. ఆ రాజ్యం బ్రిటన్. అక్కడ రాజుగారి పని చెయ్యి ఊపడం. బస్సు ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఆగకూడదో తేల్చే పెత్తనం హాల్డర్‌ఫోర్డ్ అనే ఊళ్లో మేయరుది. ఆ మేయరు కొలువులో, రేపల్లె నుంచి వెళ్లి స్థిరపడ్డ ముక్తేశ్వరరావు అనే ఆయన ఉన్నాడు. మేయరుగారి ఉపన్యాసాల్లో నవ్వు రావలసిన చోట నవ్వు పెట్టడం అతని ఉద్యోగం.

ముక్తేశ్వరరావుకి ఒక గొప్ప సుగుణం ఉంది. తనకు తట్టిన చమత్కారాన్ని ఏనాడూ ఒక్కడే దాచుకు తినడు. ఎదుటివాడు నవ్వితే, పాపం ఇంకాస్త నవ్వుకుంటాడు కదా అని మళ్లీ చెబుతాడు. నవ్వకపోతే, అర్థం కాలేదేమోనని విడమరిచి చెబుతాడు. ఇంతటి దానగుణం ఈ కాలంలో అరుదని అతని గట్టి నమ్మకం. అతని భార్య భ్రమరాంబ ఆ గుణానికి వేరే పేరు పెట్టింది. అది ఇక్కడ రాయదగ్గది కాదు.

అతను ఇంగ్లీషు ఏ బళ్లోనూ నేర్చుకోలేదు. బస్సుల్లో అంటించిన హెచ్చరికలు చదివి, చదివి పట్టుకున్నాడు. అందుకే మొదట్లో ఎవరిని పలకరించినా ఏదో ఒకటి నిషేధిస్తున్నట్టే ఉండేది. అంత పొడుగు పేరు నోరు తిరగక ఊరంతా అతన్ని 'ముక్' అని ముద్దుగా పిలిచేవారు. ఆ ఉత్తర ఇంగ్లండు యాసలో 'ముక్' అంటే పేడ అని అతనికి చాలా ఏళ్లకు తెలిసింది. అప్పటికే ఆ పేరుతో కార్డులు అచ్చయిపోయాయి.

మేయరుగారి పేరు లయొనెల్ ఫాసెట్. ఆయనది ప్రగతి పక్షం. ఆయన సైకిలు పట్టుకున్న ఫొటో ఊరంతా ఉంది గానీ, తొక్కుతుండగా చూసినవాళ్లు లేరు. "మనమంతా సమానులం. నన్ను ఉత్త లయొనెల్ అని పిలవండి" అని అందరికీ చెప్పేవాడు. ఒక గుమాస్తా నిజమేననుకుని అలా పిలిచాడు. మర్నాటి నుంచి ఆ గుమాస్తా పార్కుల్లో ఆకులు ఊడ్పించే శాఖలో ఉన్నాడు. అక్కడి మేయర్లకు మెడలో పెద్ద బంగారు గొలుసు వేసుకునే ఆచారం ఉంది. మిగతావాళ్లు పండగకీ పబ్బానికీ వేసుకుంటారు. ఫాసెట్‌గారు పళ్లు తోముకునేటప్పుడు తప్ప తీసేవాడు కాదు.

ఒకసారి ఆ మేయరుగారు ఊరికి 'మెరుపు బస్సు' తెప్పించాడు. కరెంటుతో నడుస్తుంది, పొగ రాదు, చప్పుడు లేదు. పై నుంచి కింది దాకా నిగనిగలాడే నల్లటద్దాలు. అంతా బాగానే ఉంది. కానీ మెరుపు మెరుపులా పోవాలంటే మాటిమాటికీ ఆగకూడదు గదా! అందుకని దారిలో సగం స్టాపులు తీసేయమన్నాడు. ఆ తీసేసేవాటిలో చాపెల్ గేట్ స్టాపు ఒకటి.

ఆ స్టాపు పక్క వీధిలోనే ముక్తేశ్వరరావు ఇల్లు. వాళ్ల పక్కింట్లో డోరీన్ క్లెగ్ అనే ముసలమ్మ ఉండేది. ఆమె మొగుడు ఆర్థర్‌కి మతిమరుపు జబ్బు ముదిరి, ఆ బస్సు ఆఖరి స్టాపు దగ్గరున్న వృద్ధాశ్రమంలో చేర్చారు. అక్కడివాళ్లు ఎంత బతిమాలినా ఆయన నోరు తెరవడు. డోరీన్ వెళ్లి చెంచాతో పెడితేనే తింటాడు. అందుకని ఆమె రోజూ మధ్యాహ్నం చాపెల్ గేట్‌లో బస్సెక్కేది. అది పోతే, తర్వాతి స్టాపు గుట్ట మీద. ఆ గుట్ట ఎక్కడానికి ఆమె మోకాళ్లు ఏనాడో రాజీనామా ఇచ్చేశాయి.

"ఏం నాయనా ముక్, మన స్టాపు పీకేస్తారటగా?" అని అడిగిందామె, గోడ మీంచి. అక్కడి ముసలమ్మలకు ఊళ్లో అందరూ నాయనలే. "ఆర్థర్‌కి నేను రాలేనని చెప్పినా గుర్తుండదు. అన్నం ఎదురుగా పెట్టుకుని తలుపు కేసి చూస్తూ కూచుంటాడు."

ముక్తేశ్వరరావు తిన్నగా మేయరు దగ్గరికి వెళ్లాడు.

"ఒక్క ముసలమ్మ కోసం ఊరి ప్రగతి ఆగాలా ముక్?" అన్నాడు మేయరు.

"ఊరి ప్రగతి ఆగక్కర్లేదండి. బస్సు ఆగితే చాలు."

"అదేం కుదరదు. ఒకరికి ప్రత్యేకంగా చేస్తే అది సమానత్వం ఎలా అవుతుంది? మా సమానత్వం ఏమిటో తెలుసా? మా క్యూ! ప్రభువైనా, బిచ్చగాడైనా, వెనకొచ్చినవాడు వెనకే నిలబడతాడు. నా ఊళ్లో వరస తప్పి ముందుకెళ్లేవాడు పుట్టలేదు, పుట్టబోడు."

"అంతమాట అనకండి. మనుషులన్నాక ఎక్కడో ఒకడు దొరుకుతాడు."

మేయరుకి పౌరుషం వచ్చింది. గొలుసు సర్దుకున్నాడు.

"అయితే పందెం! మెరుపు బస్సు ప్రారంభం రోజున, క్యూ దాటి ముందుకెళ్లేవాణ్ని ఒక్కణ్ని నాకు చూపించు. నా కళ్లతో నేను చూడాలి. నీ స్టాపు నీకిచ్చేస్తాను. నువ్వు తోసుకెళ్లకూడదు, ఎవర్నీ పురమాయించకూడదు. చూపించలేకపోయావో, ఆ స్టాపు స్తంభం నీ చేత్తోనే పీకాలి. ఆ మాట ఆ ముసలమ్మకి నీ నోటితోనే చెప్పాలి."

ముక్తేశ్వరరావు ఒప్పేసుకున్నాడు. నవ్వుకుంటూనే ఒప్పుకున్నాడు. రేపల్లె బస్టాండులో పెరిగినవాడికి ఇదొక పందెమా? ఆ బస్టాండులో వరస అంటే చుట్టరికం. కండక్టరు బావ వరసైతే ముందు సీటు, మావ వరసైతే వెనక సీటు. ఏ వరసా కలవనివాడు కిటికీలోంచి తువ్వాలు విసిరి, వెనకాలే పిల్లాణ్ని విసిరేవాడు. ఆ విద్యలో ఆరితేరిన తనకు, తోసుకెళ్లేవాడొకడు దొరకడా?

ముందుగా ఎలా ఉంటుందో చూద్దామని, సంత వీధి స్టాపులో నిలబడ్డాడు. జనం బారుగా ఉన్నారు. బస్సు రాగానే, "అయ్యో, లోపల ఒక్క సీటే ఉందట!" అని గట్టిగా అన్నాడు. ఇక చూసుకో తొక్కిసలాట అనుకున్నాడు.

ముందున్నాయన టోపీ తీసి, "మీరు కూచోండమ్మా" అన్నాడు వెనకావిడతో. ఆవిడ, "అబ్బే, ఆయనకి కాలు నొప్పిలా ఉంది" అంది మూడో ఆయన్ని చూపించి. ఆయనకి ఏ నొప్పీ లేకపోయినా, మర్యాదకి కాస్త కుంటి, సీటు ఇంకొకరికి ఇచ్చాడు. అలా మర్యాద తోక దాకా పాకి, చివరికి ముక్తేశ్వరరావు మీద పడింది. అందరూ కలిసి అతన్ని ఎక్కించేశారు. తనకు పనిలేని ఊరిదాకా వెళ్లి రావలసి వచ్చింది.

ఇంటికొచ్చి కూలబడ్డాడు.

"వీళ్లు మనుషులు కాదే. ఇల్లు తగలబడినా చుట్టుపక్కలవాళ్లు వరసలో నిలబడి బకెట్లు అందుకుంటారు" అన్నాడు.

భ్రమరాంబ గోంగూర ఒలుస్తోంది. "ఏమండీ, క్యూలో నిలబడేవాడు క్యూ ఎందుకు తప్పుతాడు? వాడికి వరస తెలుసు. తెలియనివాణ్ని పట్టుకోండి."

"ఈ ఊళ్లో క్యూ తెలియనివాడెవడే?"

"కారు గుమ్మంలోకొచ్చి, తలుపు ఇంకొకరు తీసేవాడికి ఏం తెలుస్తుంది? ఎప్పుడైనా నిలబడితే గదా!"

ముక్తేశ్వరరావు లేచి నిలబడ్డాడు. గోంగూర కాడ ఒకటి అతని చొక్కాకి అంటుకునే ఉంది. అలాగే మేయరు దగ్గరికి పరుగెత్తాడు.

"మేయరుగారూ, ఒక మనవి. చాపెల్ గేట్ ఎలాగూ పోయేదే. మెరుపు బస్సు మొదటిరోజు ఆ ఒక్కసారికీ అక్కడ ఆగి, తమరు అక్కడే ఎక్కితే? పాత స్టాపుకి వీడ్కోలు, కొత్త బస్సుకి స్వాగతం. ఫొటోకి చాలా బాగుంటుంది."

ఫొటో అనే మాట వినగానే మేయరుగారి మెడ దానంతటదే నిటారయింది. "భేష్ ముక్! పందెం ఓడిపోతున్నా నా మేలు కోరుతున్నావు. నువ్వు మంచివాడివయ్యా" అన్నాడు.

ఆ రోజు రానే వచ్చింది. సన్నగా తుంపర. చాపెల్ గేట్‌లో నీడ లేదు, చూరు లేదు. ఒట్టి స్తంభం, దాని పక్కన జనం. అందరికంటే ముందు చేతిసంచీతో డోరీన్. ఆమె వెనక సంత సంచులవాళ్లు, పిల్లల బళ్లు తోసుకొచ్చినవాళ్లు, చేతికర్రలవాళ్లు. వాళ్లనెవరూ పిలవలేదు. వాళ్లు రోజూ వచ్చేవాళ్లే. ముక్తేశ్వరరావు అందరికంటే వెనక గొడుగు కింద నిలబడ్డాడు. ఎవరితోనూ ఒక్కమాట కూడా అనలేదు. అతనికి అంతకంటే కష్టమైన పని మరొకటి లేదు.

నల్లటద్దాల బస్సు నిశ్శబ్దంగా వచ్చి ఆగింది. వెనకాలే మేయరుగారి కారు. డ్రైవరు తలుపు తీశాడు. ఫాసెట్‌గారు గొలుసు మెరిపిస్తూ దిగి, జనానికి చెయ్యి ఊపి, క్యూ పక్కనుంచి చకచకా నడిచి వెళ్లి, బస్సు మెట్టు మీద కాలు పెట్టి ఫొటోగ్రాఫరు వైపు నవ్వాడు.

"ఉహూఁ!"

ఆ ఊళ్లో ఆ దగ్గుకి చాలా అర్థం ఉంది. అది దగ్గు కాదు, దండోరా. దగ్గింది డోరీన్.

"ఏమనుకోకు నాయనా. వరస ఆ చివర."

మేయరు నవ్వు సగంలో ఆగింది. "అమ్మా, నేను మేయరుని."

"తెలుసు నాయనా. నీకే ఓటేశాను. అందుకే మర్యాదగా చెబుతున్నాను."

వెనక వరసలోంచి "చ్చ్, చ్చ్" అని నాలుకల చప్పుడు మొదలై, ఆ చివరిదాకా వెళ్లి మళ్లీ వెనక్కొచ్చింది. మేయరుగారి చెవులు ఎర్రబడ్డాయి. ఆయన చూపు జనంలో వెతికి, వెతికి, గొడుగు కింద ఆగింది.

"ముక్!"

"చిత్తం. ఎవరైనా వరస తప్పుతారేమోనని ఇక్కణ్నుంచే చూస్తున్నానండి."

మేయరుకి అంతా అర్థమైంది. అయినా అంత తేలిగ్గా ఓడిపోవడానికి ఆయనేం సామాన్యుడా? రాజకీయాల్లో తల పండినవాడు.

"పందెం ఏమిటి? నా కళ్లతో నేను చూడాలి! నన్ను నేను చూసుకోగలనా? నాకు ఎవరూ కనబడలేదు" అన్నాడు.

డోరీన్‌కి పందెం సంగతి తెలియదు. ఆమె సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. ఆ సంచీలో ఆర్థర్‌కిష్టమైన కస్టర్డు గిన్నె ఉంది. ముక్తేశ్వరరావు దాన్ని చూశాడు. గొడుగు ముడిచి ముందుకొచ్చాడు.

"నిజమేనండి. తమరు ముందుకే చూస్తారు, అదే ప్రగతి. కాస్త పక్కకి తిరగండి. అద్దాల బస్సు తెప్పించింది తమరే గదా."

మేయరు పక్కకి తిరిగాడు. నిగనిగలాడే నల్లటద్దంలో నిలువెత్తు మనిషి. మెడలో గొలుసు, ఒక కాలు మెట్టు మీద. అతని వెనక వానలో తడుస్తూ బారుగా జనం.

ఆయన ఆ మనిషిని చాలాసేపు చూశాడు. గొలుసు సర్దుకోబోయి చెయ్యి దించేశాడు. మెల్లిగా భుజాలు కదిలాయి. కోపమేమోనని డ్రైవరు కారు తలుపు తెరిచి పట్టుకున్నాడు. కోపం కాదు. మేయరుగారు నవ్వుతున్నాడు. ముందు ముక్కుతో, తర్వాత పొట్టతో, ఆ తర్వాత గొలుసు గలగలలాడేలాగ.

"దొరికాడు ముక్! వీడు దొరికాడు! వీడి మొహం చూడు, ఎంత దర్జాగా తోసుకెళ్తున్నాడో!"

మెట్టు మీంచి దిగి, డోరీన్ చెయ్యి పట్టుకుని ఎక్కించి, తను నడుచుకుంటూ క్యూ చివరికి వెళ్లి నిలబడ్డాడు. ఆయన వెనక ముక్తేశ్వరరావు, అప్పుడే వచ్చిన ఒక పెద్దాయన నిలబడ్డారు. ఒక్కొక్కరే ఎక్కారు. సరిగ్గా మేయరుగారి దగ్గరికి వచ్చేసరికి బస్సు డ్రైవరమ్మ, "నిండిపోయిందండీ" అంది. మెరుపు బస్సు మెరుపులాగే వెళ్లిపోయింది.

"వెనక బస్సు ఎప్పుడు?" అన్నాడు మేయరు.

"నిన్నటిదాకా వెంటనే ఒకటి ఉండేదండి. తమరే తీసేశారు."

తుంపర వానైంది. మేయరు కారెక్కలేదు. ఆ స్తంభం పక్కనే నిలబడి, గొలుసు మీంచి నీళ్లు కారుతుండగా చెప్పాడు. "స్టాపు ఉంటుంది. మిగతా స్టాపులూ ఉంటాయి. వెనక బస్సూ వస్తుంది. ఇక్కడ ఒక చూరు, ఒక బల్ల రేపే వేయిస్తాను. ఇక నీ సంగతి. నీకేం కావాలో కోరుకో."

"ఇంకేం వద్దండి. నాకు ప్రాణం కుదుటపడింది."

"అదేం కుదరదు. ఇదిగో, నువ్వు నా ముందు నిలబడు. నా స్థానం నీకు బహుమానం."

ముక్తేశ్వరరావు ఒక్క అడుగు ముందుకు వేశాడో లేదో, వెనకున్న పెద్దాయన "ఉహూఁ!" అని దగ్గాడు. ఇద్దరూ ఒకేసారి ఆయనకి క్షమాపణ చెప్పి, ఎవరి చోట వాళ్లు నిలబడి, బస్సు వచ్చేదాకా నవ్వుతూనే ఉన్నారు.

ఆ వారమే ఒక మధ్యాహ్నం, డోరీన్ పట్టుబట్టి ముక్తేశ్వరరావుని వెంట తీసుకెళ్లింది. వృద్ధాశ్రమంలో ఆర్థర్ కిటికీ పక్కన కూచుని, ఆమె చేతి చెంచాతో కస్టర్డు తింటున్నాడు. గిన్నె ఖాళీ అయింది. మూతి తుడిపించుకుని, ముక్తేశ్వరరావుని దగ్గరికి పిలిచి, చెవిలో రహస్యంగా అడిగాడు.

"ఈవిడెవరో మీకు తెలుసా? రోజూ వస్తుంది. చాలా మంచి మనిషి."

డోరీన్ వింది. నవ్వి, గిన్నె కడగడానికి లేచింది.

మేయర్లకు జవాబు చెప్పడం ముక్తేశ్వరరావుకి వచ్చు. ఆ ప్రశ్నకి ఏం చెప్పాలో మాత్రం ఇప్పటికీ తెలియలేదు.