ఊళ్లో ఎటువైపు?

ఒక విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్ర విభాగానికి అధిపతిగా ఉన్న పద్మనాభరావుకు, ఎదుటి మనిషి కులమేదో తెలిసేదాకా మనసు నిలిచేది కాదు. చదువుకున్నవాడు గనక కులం పేరెత్తేవాడు కాదు. "మీదే ఊరు? ఊళ్లో ఎటువైపు?" అని తియ్యగా అడిగేవాడు. తీగ లాగితే డొంకంతా కదిలేది.

ఒకసారి ప్రయోగశాలలో ల్యాబ్ అసిస్టెంటు ఉద్యోగం ఖాళీ అయింది. వడపోత అయ్యాక ఇద్దరు మిగిలారు. ఒకరు సువార్త అనే అమ్మాయి, మరొకరు పద్మనాభరావుకు వరసకు అల్లుడయ్యే శశికిరణ్. గాఢమైన యాసిడ్‌ను పల్చన చేసి చూపించమన్నారు. సువార్త కళ్లద్దాలు పెట్టుకుని, ముందు బీకరులో నీళ్లు తీసుకుని, అందులో యాసిడ్‌ను కొంచెం కొంచెంగా పోసింది. శశికిరణ్ ఏకంగా యాసిడ్‌లోకే నీళ్లు వంపబోయాడు. పక్కనున్న మాస్టారు చటుక్కున అతని చెయ్యి పట్టుకున్నాడు.

"యాసిడ్‌లో నీళ్లు పోస్తావేంటయ్యా! మొహం మీదికి చిమ్మదూ?"

"నేర్చుకుంటాడులెండి," అని నవ్వేశాడు పద్మనాభరావు. తరవాత సువార్త వైపు తిరిగాడు. "ఏ ఊరమ్మా మీది?"

"పెదగరువండి."

"ఊళ్లో ఎటువైపు?"

"ఊళ్లో కాదండి. ఊరవతల, పేటలో," అంది ఆమె తలెత్తి.

ఆయన మరి ఇంకేమీ అడగలేదు. ఉద్యోగం శశికిరణ్‌కు వచ్చింది.

రెండు నెలలు తిరగలేదు. ఒక మధ్యాహ్నం పద్మనాభరావు పిల్లల ప్రయోగాలు చూస్తూ బల్ల మీదికి వంగాడు. సరిగ్గా అప్పుడే పక్కన శశికిరణ్ యాసిడ్ జాడీలోకి మగ్గుడు నీళ్లు గుమ్మరించాడు. జాడీ బుస్సున పొంగి, యాసిడ్ ఆయన మొహం మీదికి చిమ్మింది. ఆయన రెండు కళ్లూ పోయాయి.

విచారణ జరిగింది. పాత మార్కుల కాగితాలు బయటికొచ్చాయి. ప్రయోగంలో సువార్తకు ఇరవైకి ఇరవై. పద్మనాభరావు తన చేత్తో వేసిన ఇంటర్వ్యూ మార్కులు సున్నా. శశికిరణ్‌ను తీసేసి ఆ ఉద్యోగం ఆమెకే ఇచ్చారు.

ఏడాది తరవాత పదవీ విరమణ కాగితాల మీద వేలిముద్ర వెయ్యడానికి పద్మనాభరావు కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. ఇరవై ఏళ్లు ఠీవిగా తిరిగిన వరండాయే, అయినా గోడకు కొట్టుకున్నాడు. ఎవరివో అడుగుల చప్పుడు వినిపించింది.

"ఎవరండీ? ఆఫీసు ఎటువైపు?"

ఆ మాట తన నోట్లోంచి రాగానే, ఒకప్పుడు తాను అందరినీ అడిగిన ప్రశ్నే అదని ఆయనకు తట్టింది.

"కుడివైపండి," అంది ఒక ఆడగొంతు. ఆ గొంతు ఆయన మరిచిపోలేదు.

"సువార్తా... నన్ను క్షమించమ్మా."

ఆమె ఆయన చెయ్యి పట్టుకుని మూడు మెట్లు ఎక్కించింది. గుమ్మం దగ్గర ఆగి, "ఆ రోజు మీరు నా చేతులు చూసుంటే సరిపోయేదండి. మా పేట చూశారు," అంది. ప్రయోగశాలలో పిల్లలు ఎదురు చూస్తున్నారంటూ వెళ్లిపోయింది. ద్వారబంధం పట్టుకుని పద్మనాభరావు చాలాసేపు ఏడ్చాడు.

నీతి: పనితనం చూడకుండా పుట్టిన చోటు చూసి అవకాశం కాదన్నవాడు, ఎదుటివారి కోసం తవ్విన గోతిలో తానే పడతాడు.