వెనక గేటు బండి

గుండె ఆగిపోయిందన్న కబురు ఫోన్లో విన్నాక సుగుణాకర్ ఆసుపత్రి వెనక మెట్ల మీద కూలబడ్డాడు.

ఆ గుండె పైడిరాజు అనే కుర్రాడిది. కట్టుబడి పనిలో పరంజా మీద నుంచి పడ్డాడు. తలకు దెబ్బ తగిలి మెదడు చచ్చిపోయింది. పొద్దున అతని గుండె తీసి, విశాఖలోనే ఇంకో ఆసుపత్రిలో ఎదురుచూస్తున్న ఒక బడిపంతులుకి పెట్టారు. కొత్త ఛాతీలో అది కాసేపు కొట్టుకుంది. ఆ తర్వాత డాక్టర్లు ఎన్ని తంటాలు పడ్డా కొట్టుకోలేదు. పంతులూ పోయాడు.

ఇలా జరగడం సుగుణాకర్‌కి కొత్త కాదు. అతను అవయవదానం కో-ఆర్డినేటరు. కన్నబిడ్డ పోయినవాళ్ళ దగ్గరికి వెళ్ళి, ఆ బిడ్డ గుండె ఇస్తారా, కిడ్నీలు ఇస్తారా అని అడగడం అతని ఉద్యోగం. వాళ్ళు సరేనంటే అన్నీ దగ్గరుండి నడిపించాలి. ఒక మనిషి గుండె ఇంకో మనిషిలో పట్టుకోవచ్చు, పట్టుకోకపోవచ్చు. అది తెలియనంత పసివాడేమీ కాదు.

అతన్ని మెట్ల మీద కూలదోసింది అది కాదు. పైడిరాజు తల్లికి అతను ఒక మాట ఇచ్చాడు.

నిన్న ఆవిడ, అసిరమ్మ, ఐసీయూ బయట నేల మీద కూర్చుని ఉంది. లోపల యంత్రం ఊదుతున్న గాలికి కొడుకు ఛాతీ లేస్తూ పడుతూ ఉంది. "ఊపిరాడతంది కదా బాబూ, సచ్చిపోనాడంతారేటి?" అని అడిగిందే అడిగింది. సుగుణాకర్ ఆవిడ పక్కన నేల మీదే కూర్చున్నాడు. మంచినీళ్ళు తాగించాడు. గడియారం వైపు చూడలేదు. ఆవిడ ఏడుపు మధ్యలో తన మాట దూర్చలేదు. ఇవన్నీ అతనికి ఈ పని నేర్పిన సిస్టరమ్మ పద్ధతులు. ఆఖర్న మాత్రం తన సొంత మాట ఒకటి వేశాడు.

"మీ అబ్బాయి గుండె ఆగదమ్మా. ఇంకొకరిలో కొట్టుకుంటూనే ఉంటుంది. పూచీ నాది."

అసిరమ్మ అతని మొహంలోకి చూసింది. "నిజింగానా?"

"నిజంగానేనమ్మా."

అప్పుడు వేలిముద్ర వేసింది.

ఆ మాట మీద సుగుణాకర్‌కి చాలా నమ్మకం. ఎంత మొండికేసినవాళ్ళైనా ఆ మాటకు కరిగిపోతారు. అలా అనొద్దని సిస్టరమ్మ చెప్పినప్పుడు నవ్వేసి ఊరుకున్నాడు. పెద్దావిడ, ఆవిడ కాలం వేరు అనుకున్నాడు.

సిస్టరమ్మ అంటే సిస్టర్ బెనెడిక్తా. డెబ్బై దాటిన కన్యాస్త్రీ. ఎన్నో ఏళ్ళు ఐసీయూలో నర్సుగా చేసి, ఆ తర్వాత ఈ పనిలోకి వచ్చింది. సుగుణాకర్‌కి ఓనమాలు దిద్దించింది ఆవిడే. అయినా ఒక్క విషయంలో ఇద్దరికీ దారులు వేరు. గుండె ఉన్న పెట్టె ముందు గేటు నుంచి వెళుతుంది. సైరన్ మోగుతుంది, పోలీసులు దారి పొడుగునా బళ్ళు ఆపేస్తారు, ఆసుపత్రి ఆసుపత్రంతా బయటికొచ్చి చేతులు జోడిస్తుంది. సెల్‌ఫోన్లు పైకి లేస్తాయి. ఆ పెట్టె పక్కన సుగుణాకర్ ఉంటాడు. కాస్త ఛాతీ విరుచుకునే ఉంటాడు, లేదనడం ఎందుకు?

శవం వెళ్ళేది వెనక గేటు నుంచి. అక్కడ సిస్టరమ్మ ఉంటుంది. ఒక్కోసారి ఆ బండి ఎక్కి, శవంతో పాటు వాళ్ళ ఊరిదాకా వెళ్ళి వస్తుంది. ఎందుకు వెళుతుందో సుగుణాకర్ ఎప్పుడూ అడగలేదు.

ఇప్పుడు ఆవిడే వెతుక్కుంటూ మెట్ల దగ్గరికి వచ్చింది.

"ఇక్కడున్నావా?"

"ఆగిపోయింది సిస్టరమ్మా."

"విన్నాను. పోస్టుమార్టం అయింది. ఆవిడ కొడుకుని తీసుకెళ్ళిపోతోంది. నిన్ను అడుగుతోంది."

సుగుణాకర్ తల ఎత్తలేదు. "ఇందాక కూడా నర్సుతో అడిగించింది. గుండె కొట్టుకుంటోందా అని. ఇంకా ఆపరేషన్ జరుగుతోందని చెప్పించాను."

"అప్పటికి జరుగుతోందా?"

"లేదు. అప్పటికే ఆగిపోయింది."

సిస్టరమ్మ తిట్టి ఉంటే బాగుండుననిపించింది అతనికి.

"ఆవిడకి మొహం ఎలా చూపించను? కొట్టుకుంటోందని ఒక్క అబద్ధం చెప్పేస్తే? ఎక్కడో తన కొడుకు ఉన్నాడనుకుని బతికేస్తుంది. అందులో తప్పేముంది సిస్టరమ్మా? మీరు చెప్పండి, అలాగే చేస్తాను. అది కూడదంటే నా వల్ల కాదు. రేపణ్ణించి ఈ ఉద్యోగమే చెయ్యను."

ఆవిడ రెయిలింగు పట్టుకుని నెమ్మదిగా మెట్లు దిగి వెనక గేటు వైపు నడిచింది. కొంతసేపటికి సుగుణాకర్ కూడా లేచి ఆవిడ వెనకే వెళ్ళాడు. జవాబు కోసం వెళ్ళాడు, అంతే.

గేటు దగ్గర బండి సిద్ధంగా ఉంది. అసిరమ్మ తమ్ముడు ముందు డ్రైవరు పక్కన కూర్చున్నాడు. వెనకాల తెల్లగుడ్డలో చుట్టిన పైడిరాజు. పక్కనున్న బల్ల మీద అసిరమ్మ. సిస్టరమ్మ మోకాళ్ళు పట్టుకుని అతికష్టం మీద బండెక్కి, ఆవిడ పక్కన కూర్చుంది. శవం కాళ్ళ దగ్గర గుడ్డ జారితే సర్దింది.

తర్వాత సుగుణాకర్ వైపు చూసింది. చూసి, మళ్ళీ అంతే కష్టపడి కిందికి దిగింది. తను కూర్చున్న చోటు ఖాళీగా ఉంది. తలుపు పట్టుకుని నిలబడింది.

డ్రైవరు హారన్ కొట్టాడు. సుగుణాకర్ ఎక్కాడు. ఆవిడ తలుపు వేసేసింది.

పొద్దున గుండె వెళ్ళినప్పుడు ఊరంతా దారి ఇచ్చింది. ఇప్పుడు బండి ప్రతి సిగ్నల్ దగ్గరా ఆగింది. మద్దిలపాలెంలో స్కూలు బస్సు వెనక ఆగింది. హనుమంతవాకలో లారీల మధ్య ఇరుక్కుని ఆగింది. బ్రేకు పడినప్పుడల్లా శవం కదిలిపోతుంటే అసిరమ్మ రెండు చేతులతో పట్టుకుంటోంది. ఆవిడకి అందడం లేదని చూసి, సుగుణాకర్ కాళ్ళ వైపు పట్టుకున్నాడు.

ఆనందపురం దాటాక ఆవిడ అడిగింది. "కొట్టుకుంతందా బాబూ?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. చేతి కింద చల్లటి పాదాలున్నాయి.

"కిడ్నీలు ఇద్దరికి పెట్టారమ్మా. బాగా పనిచేస్తున్నాయి."

"నానడిగింది గుండి మాట."

"ఆగిపోయిందమ్మా."

అసిరమ్మకి అర్థం కానట్టుంది. "మల్లీ కొట్టుకుంతదా?"

"లేదమ్మా. ఇంక కొట్టుకోదు."

ఆవిడ కొడుకు ఛాతీ మీద చెయ్యి వేసింది. గుడ్డ కింద కుట్లు ఉన్నచోట వేళ్ళు ఆగిపోయాయి.

"ఐతే నా కొడుకు నిన్నోపాలి, ఇయ్యాలోపాలి సచ్చిపోనాడన్నమాట."

సుగుణాకర్ జారిన గుడ్డని పాదాల మీదికి లాగాడు.

"పూచీ అన్నావు గదా?"

"అన్నానమ్మా."

"ఎందుకన్నావు?"

"మీరు ఒప్పుకోవాలని."

అప్పుడు మొదలుపెట్టింది అసిరమ్మ. నీ నోరు పడిపోను అంది. నీ ఇంట దీపమెట్టే దిక్కు లేకుండా పోను అంది. "ఆగిపోద్దని తెలిస్తే గుండితోటే తీసుకెలిపోదును గదరా నా గుంటణ్ణి! ఉత్త డొల్ల సేసి పంపినారు గదరా!" అని గుండెలు బాదుకుంది, అతని భుజం మీదా బాదింది. ముందున్న తమ్ముడు వెనక్కి తిరిగి "అప్పా, ఊరుకో" అన్నాడు. ఊరుకోలేదు. విజయనగరం వచ్చింది, వెళ్ళిపోయింది. రైలు గేటు దగ్గర బండి ఆగినప్పుడు పక్కనున్న ఆటోలో జనం తొంగి చూశారు. ఆవిడ తిడుతూనే ఉంది. సుగుణాకర్ పాదాలు వదలకుండా పట్టుకుని, ప్రతి తిట్టూ విన్నాడు. ఒక్కటీ తప్పనిపించలేదు. అతనికి ఏడుపొచ్చింది కానీ, ఆవిడ ముందు ఏడ్చే హక్కు తనకి లేదనిపించి దిగమింగుకున్నాడు.

చీపురుపల్లి దగ్గరపడే వేళకి ఆవిడ గొంతు పూర్తిగా పోయింది. కొడుకు పొట్ట మీద తల వాల్చి కళ్ళు మూసుకుంది. బండి కుదుపులకి ఆవిడ తల జారిపోతుంటే, సుగుణాకర్ ఒక చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ చెయ్యి ఎవరిదో ఆవిడకి తెలుసో తెలియదో.

ఊళ్ళో శవాన్ని దించుకున్నారు. అసిరమ్మ అతని వైపు చూడలేదు. ఆడవాళ్ళు వచ్చి ఆవిడను చుట్టుకుని లోపలికి తీసుకుపోయారు. ఎవరో అతన్ని ఆసుపత్రి మనిషా అని అడిగారు. అవునన్నాడు. ఇంక ఎవరూ ఏమీ అడగలేదు.

ఖాళీ బండిలో తిరిగి వచ్చేసరికి పొద్దు గూకింది. వెనక గేటు దగ్గర కుర్చీ వేసుకుని సిస్టరమ్మ కూర్చుని ఉంది.

"చెప్పేశాను," అన్నాడు సుగుణాకర్.

"ఊఁ."

"దారి పొడుగునా తిట్టింది. నన్ను క్షమించదు సిస్టరమ్మా. ఈ జన్మకి క్షమించదు."

"క్షమించదు," అంది ఆవిడ.

ఆవిడ ఓదారుస్తుందని అతను ఎక్కడో ఆశపడినట్టున్నాడు. ఆ ఆశా పోయింది. గేటు ఊచ పట్టుకుని నిలబడ్డాడు.

"మరి నన్నెందుకు ఎక్కించారు? ఎప్పుడూ మీరు వెళతారు కదా! మీరైతే ఆవిడని సముదాయించేవారు. మీరు వెళ్ళాల్సింది."

సిస్టరమ్మ కుర్చీలోంచి లేచింది.

"నేను వెళితే, తిట్టుకోవడానికి ఆవిడకి ఎవరుంటారు?"