కప్పు టీకి పెద్ద డేక్సా

దర్గా వంటింట్లో జరిగిన నేరాన్ని పట్టుకున్నది శిష్యుడు యూనుసే. ఆ పొద్దు అతని నడకలో కాస్త పోలీసు నడక కూడా వచ్చింది.

గురువారం ఫాతెహా ప్రార్థన చదివేదాకా వంటను ఎవరూ నోట పెట్టకూడదు. ఆ దర్గాలో అది మొదటినుంచీ ఉన్న పద్ధతి. వంట చేసే ఖాసింబీ పన్నెండేళ్లుగా ఆవిరి వాసన చూసే ఉప్పు సరిపోయిందో లేదో చెప్పేది. ఈ వారం మాత్రం గరిటెడు దాల్చా తీసి, చుక్క అరచేతిలో వేసుకుని నాకింది.

“ద్రోహం! దర్గాకే ద్రోహం చేసినావు!” అని అరిచాడు యూనుస్.

కట్టెలు దింపుతున్న నలుగురు మనుషులు విన్నారు. ఇంకేముంది, గంటలో ఆ మాట అంగడి వీధి దాకా పోయింది. ఖాసింబీ గరిటె కింద పెట్టింది. వెనక గదిలోకి వెళ్లి మూట కట్టుకుని వచ్చి గేటు దగ్గర కూర్చుంది. ఆ ముసలామెకు ఆ గది తప్ప వేరే చోటు లేదు.

యూనుస్ గురువు దగ్గరికి వెళ్లాడు. అందరూ బాబా అని పిలిచే ఆ పెద్దాయన అరుగు మీద కూర్చుని, తెగిపోయిన తస్బీ జపమాల పూసలను దారానికి ఎక్కిస్తున్నాడు.

“బాబా, ఖాసింబీ ద్రోహం చేసింది. ఆమెను పంపించెయ్యాల.”

“ద్రోహమంటే ఏంది నాయనా?”

యూనుస్ చదువుకున్నవాడు. గొంతు సవరించుకున్నాడు. “నమ్మినోడి గొంతు కొయ్యడం. ఊరిని శత్రువుకు పట్టియ్యడం.”

“ఖాసింబీ ఎవరి గొంతు కోసింది?”

యూనుస్ నసిగాడు. “అంటే... వాడుకలో అట్లనే అంటాం కదా బాబా. తప్పు తప్పే అని గట్టిగా తెలియాలని.”

“ఓహో, వాడుకలోనా.” బాబా తలూపాడు. “సరే, నాకొక కప్పు టీ పెట్టు. ఉరుసు పండగ డేక్సాలో పెట్టు.”

మూడొందల మందికి వండే డేక్సా అది. ఒక్కడి వల్ల కదలదు. కట్టెల మనుషులే నలుగురూ పట్టి పొయ్యి మీదికెక్కించారు.

“ఎంతమందికి వంట?” అన్నాడొకడు.

“బాబాకు టీ.”

వాళ్లు నవ్వు ఆపుకోలేకపోయారు. యూనుస్ తల వంచుకుని కప్పు పాలు పోశాడు. అంత పెద్ద అడుగులో అవి ఎక్కడున్నాయో కూడా కనబడలేదు. అతను టీ పొడి డబ్బా మూత తీసేలోపే సుయ్‌మని ఇగిరిపోయాయి. అడుగంతా నల్లగా మాడి, కంపు దర్గా ఆవరణంతా కమ్మేసింది.

యూనుస్ ఖాళీ చేతులతో తిరిగి వచ్చాడు. “మాడిపోయింది బాబా. ఒక్క కప్పుకు అంత పెద్ద...”

ఆ మాట తనకే తగిలింది. బాబా తలెత్తలేదు. ఇంకో పూస ఎక్కించాడు.

యూనుస్ గేటు వైపు పరుగెత్తాడు. పూలమ్మేవాళ్లు, మొక్కడానికి వచ్చినవాళ్లు అందరూ ముక్కుకు కొంగులు, తువ్వాళ్లు అడ్డం పెట్టుకుని ఉన్నారు. ఖాసింబీ మాత్రం మూట ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చుంది.

“ఖాలా, నీకు ఈ కంపు తెలియట్లేదా?”

“ఏం కంపు నాయనా?”

యూనుస్‌కు అప్పుడు అర్థమైంది. ఆమె పక్కనే చతికిలబడ్డాడు.

“పోయిన నెల జొరం తగ్గినాక ఏ వాసనా తెలియట్లేదు,” అంది ఖాసింబీ మెల్లగా. “చెప్తే వంట మానిపిస్తారని భయపడినా. మూడు వారాలు ఉప్పు అందాజుగా ఏసినా. ఈ పొద్దు రెండు సార్లు ఏసినానేమోనని నాకి చూసినా.”

యూనుస్ మూట తీసుకుని వంటింటికి నడిచాడు. కట్టెల మనుషుల ముందు ఆగి, “ఖాలా చేసింది తప్పు. చిన్న తప్పు. ద్రోహం అని నేను కూసింది అన్యాయం,” అన్నాడు. తర్వాత అంగడి వీధికి వెళ్లి, ప్రతి కొట్టు ముందూ అదే మాట చెప్పి వచ్చాడు. కొందరు విన్నారు. కొందరికి అతను ఏ సంగతి చెబుతున్నాడో కూడా గుర్తులేదు.

వచ్చి డేక్సాలోకి సగం దూరి మాడు గీకడం మొదలుపెట్టాడు. ఎంత గీకినా నలుపు వదల్లేదు.

“జరుగు, గోళ్లు పోతాయి.” ఖాసింబీ నానబెట్టిన చింతపండుతో వచ్చింది. “దీన్ని రుద్దితే పోతుంది. వచ్చే వారం ఉప్పు సంగతేంది మరి?”

“ఆవిరి దగ్గర నేను నిలబడతా ఖాలా. వాసన ఎట్లుండాలో నువ్వు నేర్పు.”

ఆమె నవ్వింది. ఆ నవ్వు వినగానే యూనుస్‌కు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

అరుగు మీదినుంచి బాబా గొంతు వినిపించింది. “ఇంతకీ నా టీ ఏమైంది?”

యూనుస్ చేతులు కడుక్కుని, గూట్లో ఉన్న గిన్నెలన్నిటిలోకీ చిన్నది తీశాడు.