పదిహేడు పదాలు ఎక్కువ

బుర్రా వారి ఇంట్లో అందరూ మహా తెలివైనవాళ్ళు. ఈ సంగతి ఊళ్ళో ఎవరూ చెప్పలేదు, వాళ్ళే కనిపెట్టుకున్నారు. "ఇంటిపేరులోనే బుర్ర ఉంది, ఇంకేం సాక్ష్యం కావాలి?" అనేవాడు ఇంటి పెద్ద చెంచయ్య. వానకు తడిస్తే గొడుగు పాడవుతుందని దాన్ని పెట్టెలో దాచి, తాను తడుస్తూ వెళ్ళేవాడు. అన్నం మాడుతుందేమోనని అతని భార్య కోటమ్మ పొయ్యి వెలిగించకముందే గంటసేపు గిన్నె కలియబెట్టేది. కోటమ్మ తమ్ముడు పోతురాజు కూడా అక్కడే ఉండేవాడు. అతని తెలివంతా మీసాల్లోనే ఉందని ఇంట్లో అందరి నమ్మకం. వీళ్ళందరికీ తీర్పు చెప్పేది చెంచయ్య తల్లి, నాయనమ్మ.

చెంచయ్య కూతురు దమయంతికి మామిడి అంట్లు కట్టడమంటే ప్రాణం. పట్నంలో తోటల కాలేజీలో చేరాలని రెండేళ్ళుగా దాని ఆశ. దరఖాస్తు కాగితం వచ్చింది. "మీ గురించి, మీ ఇంటి గురించి రెండు వందల యాభై పదాలు మించకుండా వ్యాసం రాయండి. రాసినదంతా నిజమై ఉండాలి. శుక్రవారం సాయంత్రం ఐదింటిలోగా ఇవ్వాలి" అని ఉంది అందులో.

శుక్రవారం పొద్దున్నే దమయంతి వ్యాసం రాసి, పదానికొక చింతగింజ చొప్పున పెట్టుకుంటూ లెక్కపెట్టింది. రెండు వందల అరవై ఏడు!

"పదిహేడు ఎక్కువ నాన్నా! ఇలా ఇస్తే నాకు సీటు రాదు."

"దానికేముందే! 'మాకు బొల్లి గేదె ఉంది.' నాలుగు పదాలు. కొట్టెయ్" అన్నాడు చెంచయ్య.

దమయంతి కొట్టేసింది. అంతే, నాయనమ్మ లేచి నిలబడింది.

"కాగితంలో గేదె లేదు, కొట్టంలో ఉంది. అది అబద్ధం కాదట్రా? అంతా నిజమై ఉండాలన్నారు కదా!"

ఎంత తెలివి! అందరూ ముక్కున వేలేసుకున్నారు. వెంటనే గేదెను తోలుకెళ్ళి పక్కింటి వీరాచారికి ఊరికే ఇచ్చేసి వచ్చారు. గేదె లేకపోతే పాలేవి? పాలు లేకపోతే టీ ఏది? టీ లేక నాయనమ్మ మూతి ముడుచుకుని కూర్చుంది. ఇంకేముంది, "మా ఇంట్లో అందరం నవ్వుతూ ఉంటాం" అని రాసింది కాస్తా అబద్ధమైపోయింది. "నాయనమ్మ తప్ప" అని రెండు పదాలు కలపాల్సి వచ్చింది.

"ఇలా కాదు బావా, 'గుబురు మీసాల మావయ్య' అని రాసింది చూడు, అందులో గుబురూ వద్దు, మీసాలూ వద్దు" అన్నాడు పోతురాజు. పేరుకు త్యాగం చేశాడు గానీ, మంగలి కత్తి పడేసరికి భోరుమన్నాడు. రెండు పదాలు పోయాయి, నవ్వే వాక్యంలో "మావయ్య" అని ఒకటి వచ్చి చేరింది.

"ఎర్ర పెంకుల ఇల్లు" అన్నచోట "ఎర్ర పెంకుల" కొట్టేశారు. నిచ్చెన వేసి పెంకులన్నీ దించేశారు. దించడం అయిందో లేదో వాన దంచేసింది. పప్పులో నీళ్ళు, బియ్యంలో నీళ్ళు! కోటమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంది. "అమ్మ" కూడా చేరింది. ఇప్పుడా వాక్యం ఇలా తయారైంది: "మా ఇంట్లో నాయనమ్మ, మావయ్య, అమ్మ తప్ప అందరం నవ్వుతూ ఉంటాం."

"తొమ్మిది పదాలు! ఇక నాన్నా, నేనూ ఇద్దరం ఏడిస్తే మొత్తం వాక్యమే పోతుంది!" అంది దమయంతి.

అంతే, పెట్టెలో గొడుగు తడిసిపోతోందని గుర్తొచ్చి చెంచయ్య ఘొల్లుమన్నాడు. కాలేజీ తలచుకుంటే చాలు దమయంతికి నవ్వొస్తోంది. నాయనమ్మ గిల్లింది, కోటమ్మ తిట్టింది, పోతురాజు మీసాల్లేని మొహం దగ్గరగా పెట్టాడు. ఇంకా నవ్వింది. చివరికి తడిసిన చింతగింజలు లెక్కపెట్టుకుని, ఆ వాక్యం పోయినా ఇంకా నాలుగు ఎక్కువే ఉంటాయని తెలిసి నిజంగానే ఏడ్చింది. వాక్యం కొట్టేశారు గానీ ఎవరికీ సంతోషం లేదు.

ఇక కొట్టెయ్యడానికి వీలున్నవి రెండే రెండు వాక్యాలు, రెండూ నాలుగేసి పదాలు. మొదటిది "మాది చాలా తెలివైన కుటుంబం." చివరిది "నాకు తోటల చదువు కావాలి."

"చివరిదే కొట్టెయ్యండి, మొదటిది మన పరువు" అంది కోటమ్మ.

దమయంతి తలొంచుకుని కలం అందించింది. చెంచయ్య కూతురి మొహం చూశాడు, కాగితం చూశాడు. నాలుగు గంటల బస్సు హారన్ కొట్టింది.

"పోతే పోయింది వెధవ తెలివి! పిల్లకు చదువు ఉండాలి" అని మొదటి వాక్యం కొట్టేశాడు.

సరిగ్గా రెండు వందల యాభై! ఆ బస్సుకే వెళ్ళి కాగితం ఇచ్చొచ్చారు, సీటు వచ్చింది. సోమవారం పొద్దున పదింటికి వచ్చి చేరమని ఉత్తరం రాశారు. ఇల్లంతా గంతులే గంతులు. ఇంతలో నాయనమ్మ చెయ్యెత్తింది.

"ఆగండి. తెలివి కొట్టేశాం కదా. ఇక మనం తెలివితక్కువగా బతకాలి, లేకపోతే అబద్ధమైపోతుంది."

అలవాటు లేని పని! అయినా పిల్ల కోసం తప్పుతుందా? తెలివిలేని వాళ్ళలాగా గేదెను బతిమాలి వెనక్కి తెచ్చుకున్నారు. తెలివిలేని వాళ్ళలాగా పెంకులు తీసుకెళ్ళి ఇంటి మీదే పెట్టారు. పోతురాజు మీసాలు జిగురుతో అతికించారు, తలకిందులుగా.

"మరి కాలేజీకి?" అంది కోటమ్మ.

"సోమవారం రమ్మంటే సోమవారం వెళ్ళేది తెలివైనవాళ్ళు" అన్నాడు చెంచయ్య.

ఇంకేముంది, ఆదివారం పొద్దున్నే అందరూ బయలుదేరారు. వాన పడుతోంది. ఎవరైనా చూస్తారేమోనని సిగ్గుపడుతూ, పెట్టెలోంచి గొడుగు తీసి వేసుకున్నారు. తాళం వేసిన గేటు ముందు గేదెతో సహా బారుగా కూర్చున్నారు.

వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు. "ఇవాళ ఆదివారం కదయ్యా! ఆమాత్రం తెలివి లేదా?"

చెంచయ్య గొడుగు కింద ఛాతీ విరుచుకున్నాడు.

"లేదు బాబూ! ఉన్న తెలివంతా కొట్టేసి ఇచ్చాం. నమ్మకపోతే లోపల కాగితం ఉంది, చూసుకో!"