చంద్రకందం పూసిన రోజు

ఒకానొక రాజ్యంలో సైన్యం కంటే బిరుదులు ఎక్కువగా ఉన్న రాజు ఒకడుండేవాడు. రాజ్యం పేరు పూదిగిరి. రాజు పేరు భల్లటరాయుడు. ఆయన సభకు బయలుదేరితే ముందు వంది నడిచేవాడు, బిరుదులు చదువుతూ. రాజు సింహాసనం మీద కూర్చుని, తాంబూలం సగం నమిలాక గాని ఆ చదవడం పూర్తయ్యేది కాదు.

అక్కడొక కట్టుబాటు ఉండేది. సభలో ఒకసారి చదివిన బిరుదును వెనక్కి తీసుకోకూడదు. తీసుకుంటే రాజు యుద్ధంలో ఓడినట్టే.

ఒకనాడు దీవుల నుంచి ఒక వర్తకుడు వచ్చాడు. చిన్న వెండి భరిణెలో తొమ్మిది నల్లటి గింజలు తెచ్చాడు. చంద్రకందమనే పువ్వు గింజలట. నేలలో గడ్డ ఊరి, ఆ గడ్డలోంచి ఒకే ఒక్క కాడ లేచి, దాని చివర తెల్లటి పువ్వు పూస్తుందట. వడగాలి సోకినా, నీళ్ళు నిలిచినా చచ్చిపోయేంత సుకుమారమట. గింజకొక గుర్రం ధర చెప్పాడు.

మంత్రి దగ్గాడు. రాజు వినిపించుకోలేదు. భరిణె మూత తీసి వాసన చూశాడు. గింజలకు వాసనేమీ లేదు. అయినా చాలాసేపు దాన్ని ముక్కు దగ్గరే పెట్టుకుని కూర్చున్నాడు. తరువాత తొమ్మిది గుర్రాలు విప్పి ఇమ్మన్నాడు. అశ్వసేనాపతి వాటి వెంట కోట గుమ్మం దాకా నడిచి, అక్కడ నిలబడి కళ్ళు తుడుచుకున్నాడని జనం చెప్పుకున్నారు.

ఎన్నాళ్ళకు పూస్తుందని రాజు అడిగాడు. వర్తకుడు కళ్ళాలు చేతికి చుట్టుకుంటూ, "ఏడేళ్ళు" అన్నాడు.

ఆస్థాన పండితుడు విరూపాక్షావధానికి ఎక్కాలంటే ప్రాణం. ఎవరు ఏ అంకె పలికినా తరువాతి మాట ఆయన నోట్లోంచి దానంతటదే వచ్చేది.

"ఏడేళ్ళు నలభై తొమ్మిది" అన్నాడు వెంటనే. "నలభై తొమ్మిదో రోజున పువ్వు, ప్రభూ. ఈ వర్తకులు ఇలాగే మర్మంగా మాట్లాడతారు."

వర్తకుడు ఏదో చెప్పబోయి నోరు తెరిచాడు. తొమ్మిది గుర్రాల వంక చూసి మళ్ళీ మూసుకున్నాడు.

ఇక గింజలు నాటాలి. ఎవరి చేత నాటించాలి?

కోట కింద పూలతోట పెంచుకుని బతికే ఓబులక్క అనే ఆవిడ ఉంది. భర్త పోయాడు. ఒక్కతే కూతురు, చెన్ని. పద్నాలుగేళ్ళది. ఆ పిల్లది మంచి చేతివాసి అని ఊళ్ళో పేరు. ఎవరింట్లో పాదు పెట్టాలన్నా వచ్చి పిలుచుకుపోయేవాళ్ళు. ఆ మాట రాజు చెవిన పడింది. భటులు వచ్చారు.

చంద్రకందం పూసేదాకా చెన్ని రాజోద్యానం గడప దాటకూడదు. వేరే ఎవరి ఊపిరీ ఆ పాదులకు తగలకూడదు, కాబట్టి రాజు తప్ప ఎవరూ లోపలికి పోకూడదు. అదీ ఆజ్ఞ.

"నలభై తొమ్మిది రోజులే గదమ్మా" అంది చెన్ని పోతూ.

 ఓబులక్కకు గడ్డపూల సంగతి తెలుసు. గడ్డ పెడితే ఆ ఏడే పూస్తుంది. గింజ పెడితే అలా కాదు. చెన్ని పుట్టిన నెలలో ఆమె ఒక గడ్డపూల మొక్క గింజను నాటింది. మొదటి ఏడు గడ్డిపోచ లేచింది. రెండో ఏడు తవ్వి చూస్తే గడ్డ మిరియమంత ఉంది. నాలుగో ఏడు చింతగింజంత. పువ్వు చూసేసరికి చెన్ని పరికిణీ కట్టుకుని పక్కన నిలబడి ఉంది. వర్తకుడు ఏడేళ్ళన్నాడని వినగానే ఆమెకు అర్థమైంది. పిల్ల ఇల్లు చేరేసరికి ఇరవై ఒకటి నిండుతాయి.

అవధాని ఇంటికి పోయి చెప్పింది. ఆయన వీధి అరుగు మీదే నిలబెట్టి, ఆమెకు ఏడో ఎక్కం మొదటి నుంచి చివరిదాకా అప్పజెప్పి పంపేశాడు.

ఆమె రోజూ ఉద్యానం గోడ దగ్గరికి పోయి నిలబడేది. కావలివాడు మంచివాడే, నోరే కాస్త దురద.

"మళ్ళీ వచ్చావా ఓబులక్కా. గోడకు చెవి ఆనిస్తే ఏం వినిపిస్తాది నీకు?"

"నీళ్ళు పోసే చప్పుడు."

"తోటలో నీళ్ళు పొయ్యక పాలు పోస్తారా?"

"చెన్ని పోస్తాంది. వేరేవాళ్ళు కుమ్మరిస్తారు. అది చల్లుతాది."

 ఆ పొద్దటి నుంచి ఆమె వచ్చినప్పుడు కావలివాడు కొంచెం పక్కకు జరిగి నిలబడేవాడు.

నలభై తొమ్మిదో రోజు వచ్చింది. పాదుల్లో ఏడు గడ్డిపోచలు లేచి ఉన్నాయి, వెంట్రుకల్లాగా. కానీ రాజు అప్పటికే పొరుగు రాజులను ఉత్సవానికి పిలిచేశాడు. అవధాని కొత్త బిరుదు కట్టి సిద్ధంగా ఉంచాడు. ఏం చేస్తారు? పువ్వు మరీ సుకుమారం, చూపు తగిలినా వాడుతుంది, గోడ ఇవతల నిలబడి వాసన చూడండని అతిథులకు చెప్పారు. అతిథులు వాసన చూశారు. ఒక రాజు మల్లెలా ఉందన్నాడు. ఇంకో రాజు కస్తూరన్నాడు. మూడో ఆయన తుమ్మాడు. వంది గొంతెత్తి కొత్త బిరుదు చదివాడు.

ఆనాటి నుంచి అది రోజూ సభలో చదువుతున్నారు. చెన్ని మాత్రం తోటలోనే ఉంది. పువ్వు ఇంకా పూయలేదు గదా.

ఇలా చెన్ని తోటలోకి పోయి నూట పన్నెండు రోజులైంది. ప్రజలు విన్నపాలు చెప్పుకునే రోజున ఓబులక్క సభకు పోయింది. కూతురి మాట ఎత్తితే గుమ్మం దగ్గరే తిప్పి పంపుతారని ఆమెకు తెలుసు. విన్నపం ఏమిటని ద్వారపాలకుడు అడిగితే, ఒక మాటకు అర్థం తెలియక వచ్చానంది. ఇదేదో ఖర్చులేని విన్నపమని వాడు లోపలికి వదిలాడు.

వంది బిరుదులు చదివి ముగించాడు. ఓబులక్క వంతు వచ్చింది.

"మారాజా, ఆ చివరి బిరుదు నాకు తెలీలేదు. చదువు లేనిదాన్ని. అర్థం తెలిస్తే నేనూ మొక్కుకుంటా."

రాజుకు సంతోషమైంది. ఇన్నేళ్ళలో తన బిరుదుకు అర్థం అడిగినవాళ్ళు లేరు. అవధాని వైపు చూసి చెప్పమన్నాడు.

అవధాని ఉత్తరీయం సర్దుకున్నాడు. "చంద్రకంద వికాస వసంత దేవేంద్ర. అంటే, చంద్రకందం వికసించిన తోటలో వసంతుడిలా, దేవేంద్రుడిలా విహరించే ప్రభువు అని."

"వికసించడమంటే పూయడమేనా సామీ?"

"పూయడమే."

"పూసినట్టా, పూయబోతున్నట్టా?"

"పూసినట్టే. పూయబోయేదానికి బిరుదు ఎవరైనా కడతారా?" అని అవధాని నవ్వాడు. సభ కూడా నవ్వింది.

ఓబులక్క రాజు వైపు తిరిగి చేతులు జోడించింది.

"అయితే మారాజా, నా పిల్లను పంపండి. పూసేదాకానే గదా తమరి ఆజ్ఞ."

నవ్వులు ఆగిపోయాయి. పూసిందంటే పిల్లను వదలాలి. పూయలేదంటే బిరుదు వదలాలి. వికాసమనే మాటకు నిఘంటువులో ఇంకో అర్థం కూడా ఉందని అవధాని మొదలుపెట్టాడు. రాజు చెయ్యెత్తాడు. ఆయన ముఖం ఎర్రబడింది.

"మమ్మల్ని మాటల్లో పట్టుకోవడానికి వచ్చావా?"

"లేదు మారాజా. పిల్లను తోడుకుపోవడానికి వచ్చాను."

 రాజు గొంతు తగ్గించి అడిగాడు.

"నువ్వు పూలు పెంచేదానివి. నిజం చెప్పు. అది పూస్తుందా, పూయదా?"

"పూస్తాది. ఏడేళ్ళకు."

"ఏడేళ్ళు నలభై..." అన్నాడు అవధాని, అలవాటుకొద్దీ.

"ఎక్కాల్లో నలభై తొమ్మిదే సామీ. మట్టిలో ఏడేళ్ళంటే ఏడేళ్ళే."

సభలో ఎక్కడో ఒకరు నవ్వు ఆపుకోబోయి ఆపుకోలేకపోయారు. అశ్వసేనాపతి అని తరువాత తెలిసింది.

రాజు నవ్వలేదు. సింహాసనం దిగి రెండు మెట్లు కిందికి వచ్చి కూర్చున్నాడు. తరువాతి మాట సభకు చెప్పినట్టు లేదు, ఆమెకే చెప్పినట్టుంది.

"మా అమ్మ దీవుల పిల్ల. వచ్చేటప్పుడు ఒక గడ్డ తెచ్చుకుందట. ఒక్కసారే పూసింది. కొప్పులో పెట్టుకుని నన్ను ఎత్తుకుంది. నాకప్పుడు నాలుగేళ్ళు. ఆ ఏడే పోయింది. ముఖం గుర్తు లేదు. వాసన గుర్తుంది."

రాజు ఓబులక్క వైపు తలెత్తి చూశాడు.

"ఏడేళ్ళు ఎట్లా ఎదురుచూడాలమ్మా?"



"పొద్దున్నే పోయి చూడాలి మారాజా. ఏమీ ఉండదు. వచ్చేయాలి. మర్నాడు మళ్ళీ పోవాలి." అంది ఓబులక్క. "నూట పన్నెండు రోజుల నుంచి నేను అదే చేస్తున్నా. అలవాటైతే కాదు. చేతనవుతాది."

రాజు తల వంచుకున్నాడు. మళ్ళీ ఎత్తేసరికి కళ్ళు తడిగా ఉన్నాయి, పెదవులు మాత్రం నవ్వుతున్నాయి. ముందు చిన్నగా, తరువాత భుజాలు కదిలేలా నవ్వాడు.

"నీ దుంప తెగ" అన్నాడు. "ముందు కట్టేశావు, తరువాత ఓదార్చావు."

రాజు నోట అలాంటి మాట సభ ఎన్నడూ వినలేదు. ఇది కూడా బిరుదేమోనని వంది రాసుకోబోయాడు.

"తెగనీండి మారాజా" అంది ఓబులక్క. "దుంప తెగితేనే పిలకలు."

ఈసారి మంత్రి కూడా నవ్వాడు.

బిరుదు కట్టుబాటు ప్రకారం అలాగే ఉండిపోయింది. చెన్నిని అప్పుడే వదలమన్నాడు రాజు. ఓబులక్కకు ఒక గుర్రం ఇవ్వబోతే, మేత పెట్టలేనంది. అయితే ఆమె సాగు చేసే పూలతోటను పన్ను లేకుండా వంశపారంపర్యంగా రాసిచ్చి, తన భుజాల మీది శాలువ తీసి కప్పాడు. చంద్రకందాల పాదులకు రోజూ నీళ్ళు పోసే పని అవధానికి అప్పజెప్పాడు. ఎన్నాళ్ళు ప్రభూ అని ఆయన భయంభయంగా అడిగితే, ఎక్కం మీరే చదువుకోండన్నాడు. చల్లడమెలాగో వారానికొకసారి చెన్ని వచ్చి చూపాలి, చూపి పొద్దు వాలకముందే ఇంటికి పోవాలి.

చెన్ని తోట గడప దాటి వచ్చింది. వేలెడు పొడుగైంది. తల్లి ఆ శాలువ తీసి పిల్ల భుజాల మీద వేసింది.

దారంతా చెన్ని మాట్లాడుతూనే ఉంది. తొమ్మిదింట్లో ఏడు మొలిచాయట. ఉద్యానంలో ఒక తొండ రోజూ వచ్చి తనను చూసి తల ఊపేదట. రాజుగారు ఒక్కోరోజు పాదుల దగ్గరికి వచ్చి, ఏమీ అడక్కుండా నిలబడి వెళ్ళిపోయేవాడట. ఓబులక్క ఊ కొడుతూ నడిచింది.

ఇల్లు వచ్చింది. ఆమె ఆగలేదు. చెన్ని కూడా చూసుకోలేదు. ఇంకో వీధి దాకా నడిచి, అక్కడ వెనక్కి తిరిగారు.