పేరడిగే బొడ్రాయి

తెలంగాణలోని రాళ్లగుట్టల నడుమ తుమ్మెనపల్లి అనే చిన్న ఊరున్నది. అక్కడ కూలిన దొరల గడి, ఆ కోటలాంటి భవంతి, వాకిట్లో మోకాలెత్తు నల్లరాయి కనిపిస్తుంది. గుడి లేదు, గోపురం లేదు, పూజారి లేడు. అదే బొడ్రాయి, అంటే ఊరికి బొడ్డు. మన రాష్ట్ర చరిత్ర అంటే కోటలు, తోరణాలు మాత్రమే అనుకునేవారు ముందు ఇక్కడ చెప్పులు విప్పాలి. చరిత్రను కట్టింది రాజులు కాదు, రాళ్లు మోసిన చేతులు.

పూర్వం ఈ రాయి గడికి దూరంగా, ఇళ్ల మధ్యన ఉండేది. దానిని తాకేవారు ముందుగా తమ పేరు, తల్లి పేరు చెప్పుకోవాలన్నది కట్టుబాటు. ఊరు మనిషిని గుర్తుపట్టేది అలాగే. ఆ కాలంలో గడిలో ఒక దొర ఉండేవాడు. కూలి లేని వెట్టితో వంగిన జనం ఆ రాయి ముందు మాత్రం తలెత్తి పేరు చెప్పుకోవడం అతనికి కంటగింపు. గుర్రమెక్కడానికి ఆ రాయే తనకు మెట్టు కావాలన్నాడు. దానిని పెకలించమని రాళ్లు కొట్టే వడ్డె ఎల్లమందకు చెప్పాడు. ఎల్లమంద కదలలేదు. అప్పుడు అతని కూతురు సాయవ్వను గడిలో బంధించి, "రాయి వాకిట్లకొస్తె పిల్ల బయటికొస్తది" అన్నాడు.

ఎల్లమంద రాయి ముందు కూలబడ్డాడు. "నేను ఎల్లమందను, పోశవ్వ కొడుకును. నా బిడ్డ కోసం నిన్ను కదిలిస్తున్న తల్లీ" అని గడ్డపార వేశాడు. రాయి సులువుగా లేచింది. దానిని బండి మీద తీసుకుపోతుంటే, దారిలోని ప్రతి ఇంటివారూ పిలవకుండానే లేచి వెనుక నడిచారు. గడి చేరేసరికి, ఊరి జనం కంటే వెనుక వినిపించే అడుగులే ఎక్కువగా ఉన్నాయట. తిరిగి చూసే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

రాయిని వాకిట్లో దించారు. మిట్టమధ్యాహ్నం దొర గుర్రమెక్కడానికి బయటికి వచ్చాడు.

"పేరు చెప్పి కాలువెట్టుండ్రి దొరా" అన్నాడు ఎల్లమంద.

"రాయికి నా పేరు చెప్పాల్నారా? ఇంకా నయం, పొర్లుదండాలు పెట్టమనలే!" అని నవ్వి దొర కాలు మోపాడు.

గుర్రం వణికింది. రాయిలో నుంచి ఒక ముసలి గొంతు, అచ్చం చనిపోయిన అతని తల్లి గొంతు, మెల్లగా అడిగింది: "ఎవరి కొడుకువు బిడ్డా?"

దొర నోరు తెరిచాడు గానీ పేరు రాలేదు. తన పేరు, తల్లి పేరు, ఊరి పేరు, ఏదీ లోపల లేదు. గడిలోకి పరుగెత్తి కనబడిన ప్రతి జీతగాణ్ణీ "నేనెవర్ని?" అని అడిగాడు. ఆ పేరు వారికీ గుర్తుకు రాలేదు. చివరకు సాయవ్వను బంధించిన గది తలుపు తీశాడు.

"పిల్లా, నువ్వన్న చెప్పు. నేనెవర్ని?"

సాయవ్వ అతణ్ణి కాళ్ల నుంచి తల దాకా చూసింది. "నాకేమెరుక? జరుగు, మా నాయిన ఎండల నిలబడ్డడు" అని దాటుకుని నడిచింది. ఆపమని ఆజ్ఞాపించడానికి అక్కడ దొర లేడు.

అతని పేరు యాత్రికుల కోసం రాసిన ఈ పుస్తకంలో వేయాలని మేము వెతికాము. పాత కాగితాల్లో ఆ చోటు తెల్లగా ఉన్నది. రాయి మాత్రం గడి వాకిట్లోనే ఉండిపోయింది. ఊరే దాని చుట్టూ వచ్చి ఇళ్లు కట్టుకున్నది.

నేటికీ ఇక్కడికి వచ్చినవారు రాయి మీద చేయి ఉంచి తమ పేరు, తల్లి పేరు, సొంత ఊరి పేరు బిగ్గరగా చెబుతారు. హోదాలు, బిరుదులు చెప్పరాదు. అలా చెప్పినవారి ఆడబిడ్డలు క్షేమంగా ఇల్లు చేరుతారని, ఎంత దూరం పోయినా పుట్టిన నేల వారిని మరువదని నమ్మకం. మధ్యాహ్నపు వేళ కూలిన గోడల వెనుక నుంచి ఎవరో "నేనెవర్ని?" అని అడిగితే యాత్రికులు ఉలిక్కిపడవద్దు. జవాబు కూడా ఇవ్వవద్దు.