గడప దాటని ముళ్లు

ఎల్లాజీ గురువుగారికి ఒక అలవాటు. అడిగిన ప్రశ్నకు అడిగిన చోట జవాబు చెప్పరు. అడిగినవాళ్ల చేతికి ఏదో ఒక పని తగిలిస్తారు. పని అయ్యేసరికి జవాబు తెలిస్తే తెలిసినట్టు. తెలియకపోతే ఆ మనిషికి ఇంకా వేళ రాలేదని ఊరుకుంటారు.

విశాఖపట్నం చేపలరేవుకు దగ్గర్లో, పెంకులు కప్పిన పొడుగాటి కొట్టంలో, ఆయన సముద్రపు నీళ్ల తొట్లు పెట్టుకుని ఉంటారు. రంగు రాళ్లు పోసి, ప్లాస్టిక్ మొక్క గుచ్చి, పిల్లల ముచ్చటకి పెట్టే గాజు పెట్టెలు కావవి. వాటిలో బతికున్న పగడాలుంటాయి. సముద్రంలో విరిచి తెచ్చినవి కావు. అలా తెచ్చినవాణ్ణి ఆయన గుమ్మం తొక్కనివ్వరు. తొట్టిలోనే పెరిగి, తొట్టి నుంచి తొట్టికి చేతులు మారుతూ వచ్చిన మెత్తటి పగడాలు. శిష్యులుగా ఒప్పుకున్నవాళ్లకి తల్లి పగడం నుంచి ఒక ముక్క కోసి ఇస్తారు. ఒక్కసారే. అది చస్తే రెండోది లేదు, శిష్యరికమూ లేదు. అలా చంపుకున్నవాడొకడు ఇప్పటికీ అదే వీధిలో కాపురం ఉన్నాడు. ఎదురుపడితే గురువుగారు మొహం తిప్పేసుకుంటారు. వాడు బతిమాలాడు, పెద్దమనుషులతో చెప్పించాడు. ఆయన కరగలేదు. కరగకపోవడమే న్యాయం. చేతిలో పెట్టిన ప్రాణాన్ని నిలుపుకోలేనివాడికి ఇంకో ప్రాణం ఎందుకివ్వాలి?

నూకరత్నానికి ఈ సంగతంతా తెలుసు. అందుకే ఆ ఉదయం కొట్టంలోకి వస్తూనే, ఏదీ దాచకుండా అడిగేసింది.

“గురువుగారూ, నా పగడం ముడుచుకుపోయింది. ఎన్నాళ్లయినా విచ్చుకోవడం లేదు. నీళ్లలో నైట్రేట్ దిగడం లేదు. ఏ ఫిల్టర్ పెట్టమంటారు?”

నూకరత్నం జాకెట్లు కుడుతుంది. కుట్టుమిషను పక్కన బల్ల మీద చిన్న తొట్టి, అందులో రెండు చేపలు, గురువుగారిచ్చిన పగడం. వేసిన మేత మిగిలినా, చేపల మలం మిగిలినా, నీళ్లలో కుళ్లి కుళ్లి చివరికి నైట్రేట్ అవుతుంది. అది కంటికి కనపడదు. గాజు గొట్టంలో కాసిని నీళ్లు పట్టి మందు చుక్కలు వేస్తే ఎరుపు తిరుగుతుంది. ఎరుపు ముదిరిందంటే చేటు ముదిరినట్టే. పెద్ద తొట్టి అయితే మనిషి చేసిన తప్పుని కొన్నాళ్లు దాచుకుంటుంది. చిన్న తొట్టికి ఆ ఓపిక లేదు.

ఆమె ఊరుకున్నదీ లేదు. కొట్టువాడు పొగిడి అమ్మిన మూత డబ్బా ఫిల్టర్ ఒకటి బల్ల కింద అలమరలో బిగించింది. నీళ్లు గొట్టంలోంచి దానిలోకి వెళ్లి, స్పాంజిల్లో వడగట్టుకుని పైకొస్తాయి. “మూత తియ్యక్కర్లేదమ్మా, దాని పని అదే చూసుకుంటుంది” అన్నాడు వాడు. అమ్ముకునేవాడి నోటికి అడ్డేముంది! నీళ్లు అద్దంలా మెరిశాయి. మందు చుక్కలు మాత్రం ఎర్రబడ్డాయి. ఎర్రబడినప్పుడల్లా ఆమె ఇంకో స్పాంజి తెచ్చి డబ్బాలో కుక్కింది. నీళ్లు మార్చింది. నాలుగు రోజులు తగ్గినట్టే తగ్గి మళ్లీ అదే ఎరుపు. ఒకరు నురుగు తీసే స్కిమ్మర్ పెట్టమన్నారు, ఒకరు సముద్రపు నాచు పెంచమన్నారు, ఇంకొకరు అడుగున మందంగా ఇసక పొయ్యమన్నారు. ఎవరి మాట వినాలో తేలకే ఇక్కడికొచ్చింది.

గురువుగారు వల అల్లుతున్నారు. తలెత్తలేదు.

“ఈవేళ తవిటయ్య పేరు మీద పులుసు. వడ్డన నీది.”

ఎవరి తొట్టిలో పగడం పిలక వేస్తే వాళ్ల పేరు మీద గురువుగారింట్లో చేపల పులుసు వండి శిష్యులందరికీ పెడతారు. అది అక్కడి ఆచారం. తన పగడం చావుబతుకుల్లో ఉంటే ఇంకొకరి పిలకకి విస్తళ్లు వెయ్యాలి. అయినా నూకరత్నం కొంగు బిగించింది.

“ఒక మాట విను” అన్నారు గురువుగారు. “తిన్నాక నేల మీద ఒక్క ముల్లు కనపడకూడదు, ఒక్క మెతుకు కనపడకూడదు. కానీ ఏదీ గడప దాటకూడదు. అదుగో, మూలన మూత డబ్బా ఉంది.”

అందరూ కడుపునిండా తిన్నారు. నూకరత్నం విస్తళ్లు మడిచి, ముళ్లు ఏరి, తలకాయలు ఏరి, అన్నీ డబ్బాలో వేసి మూత పెట్టింది. నేల కడిగి గుడ్డతో తుడిచింది. ఎవరు చూసినా అక్కడ భోజనాలు జరిగాయని చెప్పలేరు.

తవిటయ్య పళ్లు కుట్టుకుంటూ వంగి చూశాడు. “ఏటి నూకరత్నం, నేలలో నా మొహం కనిపిస్తోంది! నీ తొట్టి నీళ్లూ ఇలాగే మెరుస్తాయంట కదా. పగడమొకటే మొహం చూపించదంట.”

అందరూ నవ్వారు. ఆమె గుడ్డ పిండుకుని ఆరేసింది.

ఎండ నడినెత్తికెక్కింది. పెంకులు కాలాయి. గురువుగారు ఎవరినీ లేవమనలేదు. ఆయన లేవమనకుండా ఎవరూ లేవరు. కాసేపటికి మూల నుంచి వాసన మొదలైంది.

“మూత బిగించు” అన్నారాయన. బిగించింది.

వాసన ఆగలేదు. “గోనె కప్పు.” కప్పింది.

ఈగలు దిగాయి. “అగరొత్తులు వెలిగించు.” వెలిగించింది. అగరొత్తుల పొగా, కుళ్లిన చేప తలకాయలూ కలిసి ఇంకా ఘోరమైంది. తవిటయ్య తువ్వాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని గుమ్మం వైపు జరిగాడు. “నా పేరు మీద పులుసు కాదురా నాయనా, నా మీద కక్ష!” అని గొణిగాడు.

“తొట్ల వెనక ఇంకో డబ్బా ఉంది, పెద్దది” అన్నారు గురువుగారు, వల మీంచి చూపు తియ్యకుండా. “దీన్ని తీసి అందులో పెట్టు. దానికీ మూత ఉంది.”

నూకరత్నం చేతులు ఆగిపోయాయి. ఎరుపు కనపడినప్పుడల్లా ఇంకో స్పాంజి కొనుక్కొచ్చిన చేతులవి. ఆమె గోనె తీసి అవతల పారేసింది. డబ్బా ఎత్తి నడుముకి ఆనించుకుంది. గుమ్మం వైపు నడిచింది.

“ఎక్కడికి?”

“బయటికి.”

“గడప దాటకూడదన్నాను.”

ఆయన మాట మీరినవాళ్లకి ఏమవుతుందో అందరికీ తెలుసు. ఆయన మర్చిపోరు. నూకరత్నం గడప మీద ఒక కాలు పెట్టి వెనక్కి తిరిగింది.

“అన్నారు. నా మీద కోపం పెట్టుకోండి, నా పగడం మీద పెట్టుకోకండి. ఇది మాత్రం లోపలుండదు.”

దాటేసింది. కొట్టం వెనక ఇసకలో గొయ్యి తీసి అంతా పూడ్చింది. డబ్బాని ఉప్పునీళ్లతో తోమి, తెచ్చి, మూల బోర్లించింది. గాలి ఆడింది. ఈగలు లేచిపోయాయి.

గురువుగారు అప్పుడు తలెత్తారు. “ముళ్లు తీసింది డబ్బాయా?”

“కాదండి.”

ఆయన మళ్లీ వల అందుకున్నారు. ఫిల్టర్ గురించి ఒక్క మాట అనలేదు. ఆమె కూడా మళ్లీ అడగలేదు.

ఇంటికెళ్లి బల్ల కింద అలమర తెరిచింది. మూత డబ్బా విప్పితే నల్లటి బురద, తల తిరిగే కంపు. పైన నీళ్లు మాత్రం అద్దంలాగే ఉన్నాయి. ఇన్నాళ్లూ ఆ అద్దాన్ని చూసే మోసపోయింది. డబ్బా తీసి అవతల పెట్టింది. స్కిమ్మర్ కొనడానికి వెళ్తే కొట్టువాడు మళ్లీ అలమరలో దాచిపెట్టే రకమే చూపించాడు. ఆమె వద్దంది. గాజుకి బయట తగిలించే చిన్నది తీసుకుంది. నీళ్లలో సన్నటి బుడగలు లేపి, మురికి కుళ్లకముందే నురుగులా పైకి తెచ్చి, ఒక కప్పులో పోస్తుందది. ఆ కప్పు సరిగ్గా మిషను వైపుకి వచ్చేలా బిగించింది. సూదికి దారమెక్కించడానికి తలెత్తితే చాలు, మొహం ముందు ఆ మురికి కషాయంలా కనపడుతుంది. తొట్టి వెనక మూల గుప్పెడు సముద్రపు నాచు కూడా పెట్టింది. అది నైట్రేట్ తిని పెరుగుతుంది. పెరిగింది పెరిగినట్టే కత్తిరించి పారేస్తుంది. బట్ట కత్తెరతో కాదు, దానికి వేరే కత్తెర.

కొలతలివ్వడానికొచ్చిన వాళ్లు ముక్కులు మూసుకున్నారు. “ఇదేం ముచ్చటే తల్లీ! ఆ కంపు కప్పు కనపడకుండా లోపలెక్కడైనా పెట్టుకోరాదా?”

“కనపడాలనే పెట్టాను పిన్నీ. చెయ్యి చాపు, భుజం కొలవాలి.”

పగడం వెంటనే విచ్చుకోలేదు. ఒక అంచు నల్లబడి రాలిపోయింది. ఆ రోజు నూకరత్నం అన్నం తినలేదు గానీ కప్పు కడిగింది. పెళ్లిళ్ల కాలం వచ్చి జాకెట్లు గుట్టలు పడ్డాయి. నడుము విరిగేలా కుట్టింది, కప్పు కడిగింది. జ్వరంలో లేచి కడిగింది. మేత చిటికెడు నుంచి అర చిటికెడుకి తగ్గించింది. మందు చుక్కల ఎరుపు నారింజకి దిగింది, నారింజ పసుపుకి దిగింది. ఒక పొద్దున ఆమె మిషను మీది గుడ్డ తీసి చూసేసరికి, పగడం ఒక పక్కన చిన్న చిన్న వేళ్లు బయటపెట్టి నీళ్లలో ఊపుతోంది.

ఆ కబురు ఎవరు మోశారో గానీ, గురువుగారు చెప్పాపెట్టకుండా వచ్చి నిలబడ్డారు. పగడం వైపు చూడలేదు. ముందు కప్పు వంచి చూశారు, కడిగి కడిగి వెలిసిపోయిన దాని అంచు బొటనవేలితో తడిమారు. తరవాత వంగి నాచు చూశారు. ఆఖరికి పగడాన్ని చూశారు. చాలాసేపు చూశారు.

నూకరత్నం చేతులు కట్టుకుని నిలబడింది. “గురువుగారూ, ఇక నన్నెవరైనా అడిగితే, ఈ ఫిల్టరే పెట్టుకోమని చెప్పనా?”

ఆయన గుమ్మం దిగి చెప్పులు తొడుక్కున్నారు.

“పెట్టుకోమనకు. ఎవరు తీస్తారో అడుగు.”